బట్టను ముందు చెంపకు ఆనించండి

నల్ల కారును ఎండలో నిలబెట్టి, కాస్త పక్కకు వంగి బానెట్ మీద చూడండి. కొని ఆరు నెలలే అయినా సరే, సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనబడతాయి. అవి ముళ్ళకంపలు గీసినవి కావు, లారీలు రాసుకుపోయినవీ కావు. ప్రేమగా కారు కడిగినవాడు పెట్టినవి. ఎంత ప్రేమగా రుద్దితే అన్ని గీతలు. బోధన్‌లోనూ నిజామాబాద్‌లోనూ కలిపి ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను చేసిన పని ఒక్కటే. ఆ గీతలు పడకుండా కారు కడగడం.

ఎవరెవరి కార్లు కడిగావు, ఎంత పైకి వచ్చావు అని అడిగేవాళ్ళకు ఇందులో జవాబు దొరకదు. నాకు రెండుసార్లు శాలువా కప్పారు. ఆ శాలువాలు కారు తుడవడానికి కూడా పనికిరావు, జరీ గీస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు అక్కరకొచ్చే నాలుగు సంగతులు రాద్దామని కూర్చున్నాను. వాటితో పాటు, చెప్పవలసిన చోట చెప్పకుండా దాచుకున్న ఒక మాట కూడా ఉంది.

"లింబాద్రి చెయ్యి పడితే గీత పడదు" అని రెండు ఊళ్ళలోనూ అనేవారు. లింబాద్రి అంటే నేనే. ఆ మాట సగం అబద్ధం. అది అబద్ధమని నాకు మొదటి నుంచీ తెలుసు. అయినా ఎవరు అన్నా తల వంచుకుని చిన్నగా నవ్వి ఊరుకునేవాణ్ణి. మిగతా సగం ఎవరిదో ఆ మనిషి ఇప్పుడు లేదు.

పిప్పి బూడిద

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గరాజులో క్లీనరుగా చేరినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. చలికాలంలో చెరకు ఆడడం మొదలైతే పొగగొట్టం నుంచి బూడిద రాలుతూనే ఉండేది. చెరకు పిప్పిని బాయిలర్లో కాలిస్తే వచ్చే బూడిద అది. ఆరేసిన బట్టల మీద, అన్నం పళ్ళెంలో, బడికి పోయే పిల్లల నెత్తి మీద, ఎక్కడ చూసినా నల్లటి తునకలే. ఊరంతా దాన్ని తిట్టుకుంటూ బతికేది.

పెద్ద మేనేజరు గారికి నల్ల అంబాసిడర్ ఉండేది. పొద్దున్నే దాన్ని తుడవడం నా పని. మొదటి రోజు బానెట్ మీద బూడిద జొన్నపిండిలా మెత్తగా కనబడింది. దులిపితే పోయేదానికి నీళ్ళెందుకులే అనుకున్నాను. మెత్తటి మల్లు బట్ట తీసుకుని, గుండ్రంగా, మెరిసేదాకా తుడిచాను. నా పనికి నేనే మురిసిపోయి ఖాజా మామను పిలిచి చూపించాను.

ఖాజా మామ గరాజులో అందరికంటే పాత మనిషి. డ్రైవర్లు కూడా ఆయన ఊ అన్నాకే బండి బయటికి తీసేవారు. ఆయన నన్ను తిట్టలేదు. కారును షెడ్డులోంచి ఎండలోకి తోయించాడు.

"వంగి సూడు బేటా" అన్నాడు.

చూశాను. బానెట్ నిండా గీతలు, నా చెయ్యి ఎట్లా తిరిగిందో అట్లాగే గుండ్రంగా.

"బట్ట మెత్తగనే ఉన్నది గద మామా?"

"బట్ట మెత్తదే. గా బూడిద జెర నోట్లె ఏసుకో."

చిటికెడు తీసి వేసుకున్నాను. పళ్ళ మధ్య కరకరలాడింది. చెరకుతో పాటు చేనులోని ఇసుక కూడా బాయిలర్లోకి పోతుంది. పిప్పి కాలిపోతుంది గానీ ఇసుక కాలదు కదా.

"పండ్లకు తెలిసింది గద. ఇగ గా కారు సంగతి సోంచాయించు" అన్నాడు మామ.

మేనేజరు గారు పదింటికి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగారు. ఆయన మొహం మారింది. కొత్తగా దొరికిన పని ఆ పూటే పోయేటట్టు ఉంది. ఖాజా మామ ముందుకొచ్చి, "నేనే తుడిచిన సాబ్. గల్తీ నాది" అన్నాడు. మేనేజరు గారు ఆయన్ని నాలుగు మాటలు అన్నారు. మామ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన బతికున్నన్ని రోజులూ ఆ సంగతి నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఈ వృత్తిలో నేను చూసిన మొదటి పెద్దమనిషి తరహా అది. చూశానే గానీ నేర్చుకోలేదని చాలా ఏళ్ళకు తెలిసింది. అది తర్వాత చెబుతాను.

తేరిన నీళ్ళు

గరాజుకు కాలువ నీళ్ళు వచ్చేవి. చూడ్డానికి బాగానే ఉంటాయి, చెంబులో పట్టి కాసేపు ఆగితే అడుగున సన్నని ఒండు చేరుతుంది. అందుకని సాయంత్రమే రెండు పీపాలు నింపి మూత పెట్టమనేవాడు ఖాజా మామ. పొద్దున వాటి దగ్గర గట్టిగా నడిచినా ఆయనకు కోపం వచ్చేది.

"తేరనియ్ బేటా. నువ్వు కదిలియ్యకుంటె అయ్యే తేర్తయ్" అనేవాడు.

మగ్గు పైపైన ముంచి, తేరిన నీళ్ళే తీసుకోవాలి. అడుగున మిగిలినవి గేటు దగ్గర మల్లెచెట్టుకు పోయాలి. ఒక బకెట్లో సబ్బు నీళ్ళు, ఇంకో దాంట్లో వట్టి నీళ్ళు. బట్టతో ఒక బారు తుడిచిన ప్రతిసారీ వట్టి నీళ్ళలో జాడించి, అప్పుడే మళ్ళీ సబ్బులో ముంచాలి. బట్ట ముట్టకముందే కారు మీద ధారగా నీళ్ళు పోసి, పోయేంత మట్టిని నీళ్ళతోనే పోనివ్వాలి. పైనుంచి కిందికి రావాలి. చేతిని గుండ్రంగా తిప్పకూడదు, తిన్నగా లాగాలి. అద్దాల కింది భాగం, చక్రాలు చివర్లో, వేరే బట్టతో. ఆరబెట్టేటప్పుడు రుద్దొద్దు, బట్టను పరిచి నీళ్ళు పీల్చనివ్వాలి. నేల మీద పడిన బట్టకు ఆ పూట మళ్ళీ కారు ఎక్కే యోగం లేదు.

ఇప్పుడు దీన్నే రెండు బకెట్ల పద్ధతి అని ఫోన్లో వీడియోలు పెట్టి నేర్పుతున్నారు. సంతోషమే. ఖాజా మామకు దానికి పేరు పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

ఆయన పోయిన కొన్నేళ్ళకు ఫ్యాక్టరీ మూతబడింది. ఇప్పుడు చలికాలంలో బోధన్ పోతే, ఇళ్ళ ముందు నిలబెట్టిన కార్లు శుభ్రంగా ఉంటాయి. ఎవరూ చూడకుండా ఏదో ఒక బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. ఏమీ అంటదు. అన్నేళ్ళు తిట్టిన బూడిద కోసం మనసు ఇట్లా కొట్టుకోవడం ఏమిటో, నాకే సిగ్గనిపిస్తుంది. పొగగొట్టం వైపు చూడకుండా బస్సెక్కుతాను.

గంగామణి వేళ్ళు

నా భార్య గంగామణి పెళ్ళి కాకముందు నుంచీ బీడీలు చేసేది. ఒళ్ళో చాట పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడుతూనే ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేది. చేతుల వైపు చూసేదే కాదు. ఆకులో ఈనె ఎటు పోతోందో, తంబాకులో పుల్ల ఎక్కడుందో వేళ్ళకే తెలిసేది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. ఆమె కట్టిన ప్రతి కట్ట మీదా కంపెనీ వాళ్ళ పేరున్న కాగితం అతికించేవారు.

బూడిద సంగతి జరిగాక గరాజు బట్టలు నేనే ఇంటికి తెచ్చి ఉతకడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆరిన బట్టలు మడత పెడుతూ ఆమె ఆగింది.

"గిండ్ల ఇసుకున్నది."

"యాడున్నది? నాలుగు నీళ్ళల్ల జాడిచ్చిన."

"నీ చేతులకు తెల్వదు తియ్యి" అని, బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా లాగింది. ఒక చోట ఆపి, గోటితో గిల్లి, నా అరచేతిలో పెట్టింది. ఆవగింజలో సగం కూడా లేదు, నల్లటి రేణువు. ఆమె పట్టుకోకపోతే ఆ బట్టతోనే మరునాడు మేనేజరు గారి కారు తుడిచేవాణ్ణి.

ఆ రోజు నుంచీ ఆమె చూడని బట్ట నేను కారుకు తగిలించలేదు. మధ్యాహ్నం వెలుతురు బాగా ఉన్నప్పుడు బీడీల చాట పక్కన పెట్టి బట్టలు ముందేసుకునేది. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చేది. మంచివాటిని మడిచి బీడీ దారంతో కట్ట కట్టేది. అనుమానం ఉన్నదానికి కొసన ముడి వేసేది. ముడి ఉంటే అది చక్రాలకే.

నిజామాబాద్‌లో కార్ల షోరూముకు మారాక మల్లు బట్టలు పోయి నూగు నూగుగా ఉండే మైక్రోఫైబర్ బట్టలు వచ్చాయి. అవి ఇంకా మాయదారివి. రేణువును నూగులో దాచుకుని మెత్తగా నటిస్తాయి. గంగామణి వాటి పనీ పట్టింది.

బోధన్‌లో ఉండగా ఒకసారి ఖాజా మామ అడిగాడు, "నీ బట్టలు గింత సాఫ్‌గుంటయ్, ఎవరు ఉతుకుతరు బేటా?" అని. "నేనే మామా" అన్నాను. ఉతికేది నేనే కాబట్టి అది అబద్ధం కాదని సర్దుకున్నాను. గరాజు పనిలో ఇంటామె వేలు పెడుతుందంటే నలుగురూ నవ్వుతారని భయం. నిజంగా ఆమె పెట్టింది వేలే, ఆ వేలితోనే నాకు పేరొచ్చింది.

మనవాళ్ళు చేసే తప్పులు

కమ్మర్‌పల్లి నుంచి ఒకాయన వచ్చేవాడు. దుబాయిలో ఏళ్ళ తరబడి కష్టపడి వచ్చి కొనుక్కున్న కారు. అక్కణ్ణుంచి తెచ్చుకున్న మందపాటి తువ్వాలు డిక్కీలో ఉండేది, దానికి అత్తరు వాసన కూడా.

"దినాం రెండుసార్లు తుడుస్తున్న అన్నా. అయినా గీ గీతలెట్ల పడుతున్నయే?"

"దినాం రెండుసార్లు తుడుస్తున్నవ్ గాబట్టే" అన్నాను. పాపం చాలా నొచ్చుకున్నాడు. తువ్వాలు తీసి ఇంట్లో పెట్టమని, దుమ్ముంటే నీళ్ళు పోసే వసతి దొరికేదాకా కారును దుమ్ముతోనే ఉండనివ్వమని చెప్పాను. దుమ్ము దానంతటది గీతలు పెట్టదు, మనం కదిలిస్తేనే పెడుతుంది.

దసరా పోయిన మూడో రోజు మా దగ్గర వరస కట్టేవారు. ఆయుధపూజ నాడు బానెట్ మీద పసుపు కుంకుమలు గట్టిగా రుద్ది, అవి ఎండిపోయాక పొడి గుడ్డతో గీకి, రాకపోతే గోటితో గీకి, అప్పుడు తెచ్చేవారు. పసుపు పండే జిల్లాలో పుట్టి పసుపు ఎట్లా పోతుందో తెలియకపోతే ఎట్లా? తడిగుడ్డ కప్పి పావుగంట నానబెట్టి నీళ్ళు పొయ్యండి. దేవుడు ఏమీ అనుకోడు. బొట్టు కూడా రాయకుండా అద్ది పెడితే ఇంకా మంచిది. వర్ని వైపు నుంచి వచ్చే కార్లకు పొలం బురద పట్టి ఉండేది. దాన్ని నానబెట్టకుండా పీకితే రంగును కూడా పీకినట్టే.

బట్టల సబ్బు పొడి వాడొద్దు. ఎండలో కాలుతున్న బానెట్ మీద నీళ్ళు పోయొద్దు. చేతి ఉంగరం, గడియారం తీసెయ్యండి, బెల్టు బకిల్ కారుకు తగలకుండా చొక్కా బయటికి వదలండి. కారు బట్టలకు గంజి పెట్టకండి, కంప మీద ఆరెయ్యకండి. నవ్వకండి, రెండూ చేసినవాళ్ళను చూశాను.

షోరూములో మా పై అధికారి నారాయణ సార్. మంచివాడే, కాని ఆయనకు గడియారం తప్ప ఏమీ కనబడేది కాదు. ఒక కారుకు ఒక బకెట్ చాలన్నాడు, జాడించడానికి ఆగొద్దన్నాడు. అన్ని కార్లకూ అట్లాగే చేశారు మావాళ్ళు. తెల్ల రంగు మీద గీతలు అంతగా కనబడవు కాబట్టి తెల్ల కారు కడిగేటప్పుడు అందరూ మంచి పనివాళ్ళే. నేను మాత్రం రెండు బకెట్లూ వదల్లేదు. మూడు నల్ల కార్ల ఓనర్లు వచ్చి కేకలేశాక నారాయణ సారే నా దగ్గరికొచ్చి, "లింబాద్రన్నా, ఇగ నల్ల కార్లన్ని నీ చేతికే" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి ఆ మాట గంగామణికి చెప్పాను. "నీ చేతికేనా?" అని, చాటలో నుంచి తలెత్తకుండా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడైనా ఆమె వాటా ఒప్పుకోవాలని నాకు తట్టలేదు.

డాక్టరమ్మ కారు

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో దవాఖానా ఉన్న సుధ మేడం కొత్తగా నల్ల కారు కొన్నది. నేను తప్ప ఇంకొకరు దాన్ని ముట్టుకోవద్దని చెప్పేది. నాకు పదవీ విరమణ ఇంకా కొన్నేళ్ళు ఉందనగా, ఒకరోజు కడిగి ఎండలో పెట్టి పక్కకు వంగి చూశాను. బానెట్ మీద, డ్రైవరు వైపు తలుపు మీద గీతలు. తిన్నగా లాగిన నా చెయ్యి దారి పొడవునా తిన్నని గీతలు.

మేడం కూడా చూసింది. "లింబాద్రీ, ఇది నీ చెయ్యేనా?" అని మెల్లగా అడిగింది.

"తొవ్వల లారీల దుమ్ము ఎక్కువున్నది మేడం" అన్నాను. నోటికి ఎంత తొందరగా వచ్చిందో ఆ అబద్ధం!

ఇంటికి పోయి ఆ బట్టల కట్టను ఆమె చాటలోకి విసిరేశాను. ఆకులు చెదిరి, తంబాకు గచ్చు మీద పడింది.

"ఏం సూసినవే నువ్వు? గింత రేణువు తెలుస్తలేదా? నా ఇజ్జత్ తీసినవ్."

గంగామణి తంబాకును అరచేత్తో ఒక దగ్గరికి తోసుకుంది. "సూసిన. తెల్వలే" అంది. అంతే. నేను ఇంకా ఏవేవో అన్నాను. అవి ఇక్కడ రాయలేను.

ఖాజా మామ నా తప్పును తన మీద వేసుకున్నాడు. నేను నా పని తాలూకు తప్పును తీసుకుపోయి ఆమె ఒళ్ళో విసిరాను. ఎన్నో ఏళ్ళ మెప్పు నేను తీసుకుని, ఒక్క రోజు మాట పడవలసి వచ్చేసరికి ఆమె వాటా గుర్తొచ్చింది నాకు.

నాలుగు రోజుల తర్వాత ఆ గీతలు పాలిష్‌తో తీయడానికి మేడం ఇంటికే పోయాను. పని చేస్తుంటే సిగ్గేసి, దుమ్ము మాట అబద్ధమని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నదైనా సరిగ్గా ఒప్పుకున్నానా అంటే లేదు.

"మా ఇంటామె సూస్తది మేడం బట్టలు. ఈసారి సరిగ్గ సూడలే."

గంగామణి పేరు నా పనిలో మొదటిసారి బయటికొచ్చింది అట్లా, ఫిర్యాదుగా.

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎన్నేండ్ల సంది చూస్తున్నది ఆమె?"

"పెండ్లయిన కాడి నుంచి."

"ఎన్నడన్నా తప్పు పోయిందా?"

"లేదు మేడం."

"మరి ఇప్పుడెందుకు తెలుస్తలేదు? ఆమెకు వేళ్ళు తిమ్మిరి పట్టినట్టుంటున్నయా?"

నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియదు. అప్పుడు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చాయి. రొట్టెల పెనం మీద వేలు కాలి బొబ్బ లేచినా నేను చూపించేదాకా ఆమె చూసుకోలేదు. కంపెనీ వాళ్ళు ఆమె బీడీలు బాగాలేవని పక్కకు తీస్తున్నారని పక్కింటామె అన్నది, నేను పట్టించుకోలేదు.

"రేపు తీసుకరా" అంది మేడం.

మరునాడు దవాఖానాలో మేడం గంగామణిని కళ్ళు మూసుకోమని, దూది కొసతో ఆమె వేళ్ళ చివర్లు తాకుతూ అడిగింది. "తెలుస్తున్నదా?"

"ఏది మేడం?" అంది గంగామణి.

నేను గోడ వైపు తిరిగాను. బీడీ ఆకు ఈనెను చూడకుండా కనిపెట్టిన వేళ్ళు అవి.

షుగరు. ఎన్నాళ్ళ నుంచి ఉందో కూడా తెలియదు. తిరిగి వస్తుంటే ఆటోలో తనే నన్ను నవ్వించబోయింది. "ఫ్యాక్టరీ బందయినంక శక్కెరంత నా ఒంట్లకే వచ్చినట్టున్నది" అంది. నాకు నవ్వు రాలేదు. తప్పయిందని ఆ ఆటోలోనే అనవలసింది. గొంతు దాకా వచ్చింది. డ్రైవరు వింటాడని ఆగాను.

చెంప

బట్టలు ఇక చూడొద్దన్నాను. కొత్తవి తెచ్చుకుంటాను, పాతవి పారేస్తానన్నాను. ఆమె మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు నేను వచ్చేసరికి వాకిట్లో కూర్చుని, బట్టను రెండు చేతులతో పట్టుకుని చెంప మీదుగా మెల్లగా లాగుతోంది. కళ్ళు మూసుకుని ఉంది.

"ఏం జేస్తున్నవ్?"

"వేళ్ళు మొద్దువారినయ్ గని చెంపకేమైంది?" అంది. ఒక చోట ఆపి నన్ను పిలిచింది. "ఇగో, గీడ సూడు. నాకు గిల్లరాదు, నువ్వు తియ్యి."

తీశాను. రేణువు ఉంది.

అప్పటి నుంచి చెంపతో చూసేది. కట్టలకు ముడి నేను వేయబోతే ఒప్పుకునేది కాదు. కళ్ళతో చూసుకుంటూ, ఆలస్యంగానైనా తనే దారం కట్టేది. ఆ తర్వాత నేను పనిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క గీత పడలేదు. షోరూములో కొత్తవాళ్ళకు నేనూ అదే నేర్పాను. బట్టను చెంపకు ఆనించి చూడండి, చేతులు పనితో కాయలు కాస్తాయి, చెంప కాయ కాయదు అని. ఈ ఉపాయం ఎవరిది అని అడిగితే "అనుభవం" అనేవాణ్ణి.

పదవీ విరమణ రోజు షోరూములో చిన్న సభ పెట్టారు. గంగామణి చివరి వరసలో కూర్చుంది. నారాయణ సార్ నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఈ చెయ్యి మళ్ళ మనకు దొరకది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మైకు నాకిచ్చారు. ఖాజా మామ గురించి చెప్పాను, నారాయణ సార్‌కు నమస్కారం చెప్పాను. ఆమె వైపు చూశాను. ఏడిస్తే బాగుండదని అక్కడితో ముగించి మైకు ఇచ్చేశాను.

ఇంటికి వచ్చేటప్పుడు "మంచిగ మాట్లాడినవ్" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది.

చివరి కట్ట

ఆ తర్వాత ఆమె రెండేళ్ళు ఉంది. చివరి నెలల్లో మంచంలో ఉండి కూడా, నాకు పని లేకపోయినా, బట్టలు అడిగి తెప్పించుకునేది. ఊరికే ఉండలేక. ఆమె పోయాక అందరూ వచ్చి "తేరుకో లింబాద్రీ" అన్నారు. ఖాజా మామ మాటే. నీళ్ళను కదిలించకుంటే తేరతాయి. నేను రోజూ ఆమె పేరు తలుచుకుంటూనే ఉన్నాను. తేరుకోవాలని నాకు పెద్దగా కోరిక కూడా లేదు.

ఆమె కట్టిన కట్ట ఒకటి మిగిలింది. ఆరు బట్టలు, బీడీ దారం, ఆ దారానికి సరిగా కుదరని ముడి. దాన్ని విప్పకుండా బీరువాలో పెట్టుకున్నాను.

మొన్న చలికాలంలో సుధ మేడం ఫోన్ చేసింది. దవాఖానా మానేసి, ఆ నల్ల కారును తమ్ముడికి ఇచ్చేస్తోందట. "ఇచ్చే ముందు ఒకసారి నువ్వు కడుగుతవా? కడుగనీకి ఇంకొకరికి ఇయ్యబుద్ధి అయితలేదు" అంది.

బీరువా తెరిచి ఆ కట్ట తీసుకుపోయాను.

మేడం ఇంటి ముందు పీపాలో నీళ్ళు ముందురోజే పట్టించి ఉంచమన్నాను. పొద్దున పోయి, మగ్గు పైపైన ముంచి, తేరిన నీళ్ళు తీసుకున్నాను. కారు మీద ధారగా పోశాను. అప్పుడు దారం ముడి విప్పాను. బట్టల్లో నుంచి తంబాకు వాసన వచ్చింది, ఇంకా ఉంది. కాసేపు ఇంటి మెట్టు మీద కూర్చుండిపోయాను. మేడం కిటికీలో నుంచి చూసి లోపలికి వెళ్ళింది.

బట్టను ముందు చెంపకు ఆనించి చూడండి, చూడకుండా కారుకు తగిలించకండి అని మీకందరికీ చెబుతున్నాను కదా. ఆ రోజు నేను ఒక్క బట్టనూ చూసుకోలేదు. ఆమె మంచంలో ఉండి, ఒంట్లో శక్తి లేని రోజుల్లో చూసిన బట్టలవి. రేణువు ఉంటే ఉండవచ్చు. కాని చెంపకు ఆనించానంటే "ఏం సూసినవే నువ్వు" అని రెండోసారి అన్నట్టే. సబ్బులో ముంచి నేరుగా బానెట్ మీద పెట్టాను. పైనుంచి కిందికి, తిన్నగా, ఒక్కో బారుకూ జాడిస్తూ, ఆరు బట్టలూ అయ్యేదాకా కడిగాను.

కారును ఎండలోకి తీశాం. నేను వంగలేదు, ధైర్యం చాల్లేదు. మేడమే పక్కకు వంగి, బానెట్ మీద, తలుపు మీద, చాలాసేపు చూసింది.

"ఒక్క గీత లేదు. నీ చెయ్యి ఇంకా అట్లనే ఉన్నది లింబాద్రీ."

ఎప్పుడూ వచ్చే మాటే. ఎప్పటిలా తల వంచుకుని నవ్వితే అయిపోయేది.

"నా చెయ్యి గాదమ్మా. గంగామణిది. మొదటి సంది ఆమెదే" అన్నాను.

మేడం తల ఊపింది.

"ఈ మాట ఆమెకు చెప్పినవా ఎన్నడన్నా?"

బకెట్లో తడి బట్టలు ఉన్నాయి. ఒకటి తీసి పిండి, చెంపకు ఆనించుకున్నాను. మెత్తగా ఉంది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

"లేదమ్మా" అన్నాను. "చెప్పలే."